మీటరులో సున్నా

కుయ్. కాసేపటికి మళ్ళీ, కుయ్. వైశాలి నగర్‌లో డాక్టర్ కిరణ్మయి గారి క్లినిక్ బెంచీ మీద బీపీ చూపించుకోవడానికి కూర్చున్నవాళ్ళం, అందరమూ జేబులు తడుముకున్నాం.

"భయ్యా, మొబైల్ సైలెంట్ కరో," అన్నాడు కంపౌండరు.

అది ఫోను కాదు. గుమ్మంలోకి వచ్చిన మనిషి చొక్కా జేబుకి తగిలించుకున్న గ్యాసు మీటరు. ఉక్కు ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర డ్యూటీలో పెట్టుకుని, షిఫ్టు దిగగానే అప్పగించాల్సిన వస్తువు. గాలిలో గ్యాసు ఉంటే అంకె చూపి గట్టిగా మోగుతుంది; లేనప్పుడు పని చేస్తున్నానని అప్పుడప్పుడూ అలా చిన్నగా కూస్తుంది. ఈ గురునాథరావు దాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాడు. తండ్రి విజయనగరం నుంచి వచ్చి చేరిన ఫర్నెస్ దగ్గరే ఈయన జుట్టూ నెరిసింది.

వెనకే వచ్చిన భార్య జోగమ్మ నా పక్కన కూలబడింది. "వంటింట్లో అదే, పడకమీదా అదే. పప్పు మాడితే ఎక్కడ అరిసీస్తదోనని నాకు బయం. పెళ్ళాన్నైనా అంత దగ్గర పెట్టుకోలేదండీ ఈయన."

ఆయన మీటరులోని అంకెనే చూస్తున్నాడు.

తరువాతి వారాల్లో అదే బెంచీ మీద, కొంచెం కొంచెంగా, ఆయనే చెప్పాడు.

ఫర్నెస్ గ్యాసుకి రంగు లేదు, వాసన లేదు. పీలిస్తే తల తిరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు. కొత్తవాళ్ళకి ఈ పాఠం ఆయనే చెప్పేవాడు. అందుకే ఒక సెలవురోజు బజారులో వంకాయలు ఏరుతుండగా గుండె ఎగిరిపడి, లోకమంతా అద్దం వెనక్కి జరిగిపోయినట్టయితే, గ్యాసు పట్టిందనే అనుకున్నాడు. సంచీ వదిలేసి, గాలి ఎటునుంచి వీస్తోందో చూసి అటే పరుగెత్తాడు, ప్లాంటులో నేర్పినట్టే. గాలికి ఎదురు పరుగెత్తే మనిషికి జనం దారి ఇచ్చారు.

ఆ తరువాత ఇంట్లోనూ ఆ దడ వచ్చేది. కిటికీలన్నీ తెరిచి ఉంచేవాడు. ప్లాంటు నుంచి ఎర్రటి దుమ్ము దుప్పటి మీద పూతలా వాలేది. కన్ను మూస్తే ఇక తెరవనేమోనని మీటరు కూత కోసం చెవి ఒగ్గి పడుకునేవాడు.

జోగమ్మ లాక్కొచ్చిన ఆ రోజు, గుండె పరీక్ష బాగానే ఉందని డాక్టరు చెబుతుండగానే అది మళ్ళీ వచ్చింది. మీటరు ఊడదీసి ఆవిడ ముందు పెట్టాడు. "సూడండమ్మా, ఇక్కడా గ్యాసే."

డాక్టరు ఆయన మణికట్టు పట్టుకుంది. "అంకె చదవండి, గురునాథరావు గారూ."

"సున్నా."

"మళ్ళీ చదవండి."

"సున్నానే."

"మీ గుండె దడ నిజం. గదిలో గ్యాసు మాత్రం లేదు. ఇది భయం. అదీ జబ్బే, మందు ఉంది."

ఆ సున్నా ఆయన్ను ఏ అంకె కన్నా ఎక్కువ భయపెట్టింది. గ్యాసైతే దాన్నుంచి పరుగెత్తవచ్చు. లోపల ఉన్నదాని నుంచి ఏ గాలి వైపు పోవాలి?

"పిచ్చాసుపత్రికి పంపుతారేటి?"

"మీ పిల్లలకి కామెర్లు వస్తే ఎక్కడికి పంపాను? ఇక్కడే నయం చేశాను కదా. ఇదీ అంతే, వారం వారం రండి. పక్కనే దుర్గ్‌లో మనసుకి వైద్యం చేసే డాక్టరుతో నేను మాట్లాడతాను. కుదుటపడేదాకా ఫర్నెస్ దగ్గరకి వెళ్ళకండి."

"సెలవు చీటీలో ఏటి రాస్తారమ్మా? బయమని రాస్తే నన్ను మళ్ళీ ఫర్నెస్ కాడికి రానిస్తారా?"

"చికిత్సలో ఉన్నారని రాస్తాను. నయమయ్యాక నయమైందనీ రాస్తాను. కానీ ఆ మీటరు తిరిగి ఇచ్చేయండి."

మందులు వేసుకున్నాడు. దుర్గ్ వెళ్ళొచ్చాడు. బజారుకీ వెళ్ళాడు, జోగమ్మ కొంగు పట్టుకుని. మీటరు మాత్రం ఇవ్వలేకపోయాడు. బెంచీ మీద ఆ కూత వినిపిస్తూనే ఉండేది.

మొన్న ఉదయం ఏ చప్పుడూ లేకుండా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చేయి ఖాళీ జేబు మీదే ఉంది. ఇచ్చేశారా అని అడిగాను.

"ఇచ్చీసినానండి. అమ్మగారు ఈవేళ నయమైందని రాస్తే రేపు డ్యూటీకెల్తాను, అక్కడ మీటరు ఇస్తారు. అది మోగితే నాకు బయం లేదు, ఎటు పరిగెట్టాలో తెలుసు. మోగకుండా దడ వచ్చినప్పుడేనండి బయం. నన్ను లోపలికి పిలిసేదాకా ఇక్కడే కూకోండి."