టైలరమ్మ పెట్టిన టంకం

టైలరమ్మ మూగవాడి చేత మాట్లాడించింది. ఇది అబద్ధమైతే వీధి మొత్తం అబద్ధమాడుతున్నట్టే. ఈ వీధే అబద్ధమాడితే ఇక లోకంలో నిజం చెప్పేవాడు లేనట్టే!

ఆ మూగవాడు ఎవరో కాదు, ఆమె మొగుడే. ఒకప్పుడు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవాడు. ఆయన ‘ఒకటోసారి’ అని గొంతెత్తితే పక్క ఊళ్ళో టమాటా ధర ఉలిక్కిపడేదని ప్రతీతి. అంతటివాడు పక్షవాతంతో మంచాన పడ్డాడు. చేతులు బిగుసుకుపోయాయి. గొంతు దారప్పోగంత సన్నమైంది. వెనక గదిలో ఆయన, ముందు గదిలో ఆమె కుట్టుమిషను. మిషను తిరగకపోతే పొయ్యి వెలగదు. తిరిగితే ఆయన పిలుపు వినపడదు.

ఒక మధ్యాహ్నం చొక్కా ముగించి ఆమె లేచి వెళ్ళేసరికి ఆయన మంచం కింద పడి ఉన్నాడు. చెంప నేలకి ఆనుకుని ఉంది. ఎప్పటినుంచి పిలుస్తున్నాడో, పెదవులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఆ పెదవులు ఆమె కళ్ళముందు నుంచి కదలలేదు.

బెల్లు పెడదామంటే నొక్కడానికి వేలు లేవదు. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టులో పనిచేసే మరిది ఒక కిట్టు తెచ్చిచ్చాడు. చిన్న మైకు, చిన్న స్పీకరు, అరచేతిలో ఇమిడే బోర్డు, కాళ్ళున్న గింజల్లాంటి సామాన్లు.

“అన్నయ్య గుసగుసలాడినా నీ మిషను పక్కన మోగుతుంది వదినా. రేపొచ్చి అతికిస్తా.”

మరిది ‘రేపు’ గురించి తెలిసినవాళ్ళు ఎదురుచూడరు. తన పెళ్ళికి తానే రేపొస్తానన్న ఘనుడు. చూసి చూసి టైలరమ్మే మరిది కిట్టుతోపాటు వదిలెళ్ళిన సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించుకుని కూర్చుంది. బొత్తాం కుట్టినంత శ్రద్ధగా గింజల కాళ్ళు రంధ్రాల్లో దూర్చింది. వేడి మొన ఆనించి టంకం తీగ తాకిస్తే, సన్నటి పొగతో కరిగి వెండి బొట్టులా కూర్చునేది. మిగిలిన కాళ్ళను దారం తుంచినట్టు కత్తిరించింది. బ్యాటరీ పెట్టింది.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడు దిగాడు మరిది. బోర్డు తిప్పి చూసి పకపకా నవ్వాడు.

“ఇదేమన్నా చొక్కానా వదినా? తిరగేసి కుట్టేశావు!”

“బోర్డుకి ఒకవైపు తెల్లగీతలున్నాయిగా. సుద్దగీత ఎప్పుడూ బట్టకి లోపలివైపేగా గీస్తాం?”

“ఇక్కడ గీతలున్నదే పైవైపు. మిగతావి ఎటునుంచి దూర్చినా నడుస్తాయి. ఎనిమిది కాళ్ళున్న ఈ నల్ల చిప్పు తిరగబడితే మాత్రం కుడికాలు ఎడమ రంధ్రంలో పడుతుంది. మాడిపోయింది, పాపం. కొట్లో ఇంకోటుంది, రేపు తెస్తాలే.”

ఆమె వెనక గది వైపు చూసింది.

“రేపటిలోగా మీ అన్నయ్య మళ్ళీ పడితే?”

మరిది నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అప్పటికప్పుడే సైకిలెక్కాడు.

అతను తిరిగి వచ్చేలోపు ఆమె పాత చిప్పును విప్పే పనిలో పడింది. కుట్టడం అందరికీ వచ్చు, గుడ్డ చిరగకుండా కుట్లు విప్పడమే దర్జీ పనితనం. ఒక్కో కాలి దగ్గర టంకం కరిగించి, సూదిమొనతో ఎత్తి, చల్లారనిచ్చి, మళ్ళీ కరిగించింది. వేలు కాలింది. నోట్లో పెట్టుకుంది, మళ్ళీ కూర్చుంది. తిరిగొచ్చిన మరిది కొత్త చిప్పు మీది గంటును బోర్డు మీది గీతకు ఎదురుగా పెట్టి చూపించాడు. చెయ్యి మాత్రం ఆమెదే.

మైకు ఆయన దిండు పక్కన, స్పీకరు మిషను పక్కన పెట్టారు. ఆమె కావాలనే జోరుగా తొక్కింది.

“అన్నయ్యా, ఏదైనా అను! వేలం పాడు!” వెనక గదిలోంచి మరిది బతిమాలాడు.

స్పీకరు బుస్సుమంది. చాలాసేపు ఆ బుసే. తర్వాత, మిషను చప్పుడు మీదుగా వచ్చింది ఆ గొంతు:

“దుప్పటి... జారింది.”

ఆమె కాలు ఆగిపోయింది. లేచి వెళ్ళి దుప్పటి కప్పింది. మరిది గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇక వీధి ఊరుకుంటుందా? ఆ రోజు ఆయన వేలం పాడితే కిటికీ అద్దాలు పగిలాయంది. మూగవాడికి మాటొచ్చిందంది. కొలతలిద్దామని వచ్చిన ఒకావిడ ఈ కథంతా టైలరమ్మకే చెప్పి, “నువ్వు దేవతవమ్మా!” అంది.

టైలరమ్మ పెదాల మధ్యనున్న గుండుసూదులు తీసి పక్కన పెట్టింది.

“చెయ్యెత్తమ్మా. ఆయనెప్పుడు మూగవాడయ్యాడు? పిలుస్తూనే ఉన్నాడు. మిషను చప్పుడులో నాకే వినపడలేదు.”