ఆ నీళ్లు ఎవరు తాగుతున్నట్టు?

ఫిల్టరులోంచి వచ్చే నీళ్లు బాగున్నాయి. ఆ ఇళ్లలోని పిల్లల మూత్రం మాత్రం బాగాలేదు. ఇదెలా సాధ్యమో తెలియక నేను చాలా నెలలు జుట్టు పీక్కున్నాను.

మాది కమలాపురం దగ్గర పల్లె. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయ్యాక కర్నూలులో మా సారు దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. విదేశంలోని ఒక యూనివర్సిటీ, మా యూనివర్సిటీ కలిసి చేస్తున్న పని అది. నీళ్లలోని ఫ్లోరైడును పట్టుకునే ఒక బూడిదరంగు రవ్వను వాళ్లు తయారుచేశారు. మేము దాన్ని ఫిల్టర్లలో నింపి కోసిగి అవతల ఒక పల్లెలో ఇంటింటికీ పెట్టాము. ఇక్కడ పనిచేస్తుందని తేలితే, ఇలాంటి నీళ్లే ఉన్న వేరే దేశాల పల్లెలకూ తీసుకుపోవాలని వాళ్ల ఆలోచన.

ఆ ఊరి బోరు నీళ్లు చూడడానికి భలే తేటగా ఉంటాయి. తాగి పెరిగిన పిల్లల పళ్లు మాత్రం గోధుమరంగు చారలు పడతాయి. నేను ఎక్కువగా పోయే ఇంట్లో పెద్దపిల్ల పళ్లు అలాంటివే. నవ్వొస్తే చాలు, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. దాని చెల్లెలు అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటోంది. పాలపళ్లు ఊడాక రావలసిన పళ్లు ఈ వయసులోనే చిగుళ్ల లోపల తయారవుతుంటాయనీ, ఇప్పటినుంచే ఫిల్టరు నీళ్లు పడితే అవి చారల్లేకుండా వస్తాయనీ మా సారు ఊరందరికీ చెప్పాడు. వాళ్లమ్మ, పత్తి కూలికి పోయే మనిషి, నాకంటే చిన్నది, వెనకనుంచి లేచి ఒక్కటే అడిగింది. "చిన్నదానికైనా తెల్లగా వస్తాయా సార్?" వస్తాయమ్మా అన్నాడు సారు.

ఫిల్టర్లు పెట్టాక కొన్నాళ్లకొకసారి పిల్లల మూత్రం సీసాల్లో పట్టి, ఐసు డబ్బాలో సర్దుకుని బస్సులో కర్నూలుకు తెచ్చేదాన్ని. డబ్బాలో చేపలా అని కండక్టరు అడిగితే, చూస్తావా అన్నాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఇంత పాటుపడి తెచ్చి పరీక్ష చేస్తే ఏముంది, ఫ్లోరైడు పిసరంత కూడా తగ్గలేదు.

విదేశీ ప్రొఫెసరమ్మ వీడియో కాల్‌లో, మీ అమ్మాయి నమూనాలను ఎండలో పెట్టిందేమో అంది. రవ్వ మీది కదా, దాన్నే మళ్లీ చూసుకోండి అన్నాడు మా సారు. రెండు యూనివర్సిటీలూ ఎంతో మర్యాదగా పోట్లాడుకున్నాయి. నడుమ నాకు ఒళ్లు మండిపోయింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని వచ్చేదాన్ని నేను. చివరికి, ఇంకొక్కసారి చూద్దాం, అప్పుడూ తగ్గకపోతే ఫిల్టర్లు వెనక్కి తెచ్చేసి పని వేరే చోటికి మార్చుకుందాం అని తీర్మానించారు. వాళ్లకేం, ఊరు మారుతుంది. చిన్నదాని పళ్లు ఆగుతాయా?

ఎక్కడ తప్పు జరుగుతోందో తెలుసుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. టీపొడిలోనూ ఫ్లోరైడు ఉంటుందని చదివి కొన్నాళ్లు టీపొడి వెంట పడ్డాను. పిల్లలు టీ తాగేదే తక్కువ. ఉప్పు చూశాను, పళ్లపొడి చూశాను. మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా సంగటిలోకి ఎన్ని నీళ్లు పడతాయని అడిగితే, మా అమ్మ నా నుదురు మీద చెయ్యి వేసి చూసింది. ఫిల్టరు నీళ్లు తాగుతున్నారా అని ఊళ్లో ఎవరిని అడిగినా, తాగుతాండాం, శానా బాగుండాయి అనేవాళ్లు. మాటకు తోడు ఇంటింటా చెంబు నిండా అవే నీళ్లు తెచ్చి చేతిలో పెట్టేవాళ్లు. ప్రొఫెసరమ్మ ఒకసారి స్వయంగా వచ్చినప్పుడు, వద్దంటే బాగుండదని ప్రతి ఇంట్లోనూ తాగింది. మధ్యాహ్నానికి నా చెవి దగ్గరికి వచ్చి బాత్రూము ఎక్కడని అడిగింది, పాపం.

ఎప్పుడు పోయినా ముందు కబురు చేసి పోయేదాన్ని. ఒకరోజు ఎవరిదో ఫిల్టరు కొళాయి కారుతోందంటే చెప్పకుండానే పోయాను. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని కొళాయి విప్పుతుంటే ఎదురిల్లు కనబడుతోంది. అది ఈ అక్కచెల్లెళ్ల ఇల్లే. చిన్నది ఆడుకుంటూ వచ్చి నీళ్లడిగింది. వాళ్లమ్మ బోరు నీళ్ల బానలో గ్లాసు ముంచి ఇచ్చింది. ఫిల్టరులో నీళ్లు అయిపోయాయేమో అనుకున్నాను. ఇంతలో ఎవరో చుట్టం మోటారుసైకిలు దిగాడు. ఆమె ఫిల్టరు కొళాయి తిప్పి చెంబు నింపి ఇచ్చింది. తర్వాత కరెంటు మీటరు చూసే అతను వచ్చాడు. అతనికీ ఫిల్టరు నీళ్లే.

పానా అక్కడే పడేసి పోయాను. ఇదేమిటమ్మా అని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది.

"బోరు నీళ్లు మంచివి కాదని మీరే గదక్కా చెప్పింది. మంచివి కాదని తెలిసినాక, ఇంటికొచ్చినోళ్లకు అవి ఎట్లిస్తాం?"

అంతకుముందు అందరికీ బోరు నీళ్లే ఇచ్చేవాళ్లు. మేము వచ్చి పాఠం చెప్పాక, ఊరంతా ఆ పాఠం బాగా నేర్చుకుంది. మరి చిన్నదానికి అని అడిగాను.

"మిగిలితే పోస్తాండా. పొద్దంతా కారినా బిందె నిండదక్కా, మీరందరూ వస్తాంటారు..."

అంటూ అంటూనే ఆగిపోయింది. కూతురి వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఇంటికి మాకంటే ఎక్కువసార్లు వచ్చే చుట్టాలెవరు? చిన్నదాని నీళ్లు చెంబులు చెంబులు తాగింది నేనే కదా.

సంగతి చెప్పగానే కాల్‌లో ప్రొఫెసరమ్మ, నేను వచ్చిన రోజు నాకిచ్చినవీ అవేనా అని అడిగింది. అవునన్నాను. ఫిల్టర్లు తీసెయ్యవద్దని ఆమే పట్టుబట్టింది. ఇకనుంచి ఊరికి పోయేటప్పుడు ఎవరి నీళ్ల సీసా వాళ్లు తీసుకుపోవాలని కూడా అంది. అది కుదరదని మా సారు, నేను ఒకేసారి అన్నాం. కూలివాళ్ల ఇంటికి పోయి, నీళ్లు ముట్టకుండా సంచీలోంచి సీసా తీస్తే, మా ఇంట్లో తాగవా అనే అనుకుంటారు. ఆ బాధ ఎందుకొస్తుందో, ఎన్ని తరాలనుంచి వస్తుందో ఆమెకు విప్పి చెప్పడానికి మాకు ఒక పూట పట్టింది. మేము వద్దనకూడదు, వాళ్లు ఇవ్వకుండా ఉండలేరు. ఏం చెయ్యాలో రెండు యూనివర్సిటీల్లో ఎవరికీ తోచలేదు.

తర్వాత నేను నమూనాలకు పోయినప్పుడు ఎండ మండిపోతోంది. ఆమె ఎప్పటిలాగే చెంబుతో ఎదురొచ్చింది. నేను చెయ్యి చాచాను గానీ ఆమె వెంటనే ఇవ్వలేదు. చెంబు పట్టుకుని తలొంచుకుని నిలబడింది. ఇంటికొచ్చిన మనిషితో అలాంటి మాట అనడం ఆమెకు పుట్టి బుద్ధెరిగినాక అదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఇవి బోరు నీళ్లక్కా" అంది. "ఫిల్టరువి చిన్నదానికి కావల్ల. నీకియ్యను. ఏమనుకోవద్దు."

నేను చెంబెత్తి, ఆమె చూస్తుండగా, చివరి చుక్కదాకా తాగాను.