అలవాటుగా లేచిన చేతులు

పోయిన ఏడు అల్లూరు దగ్గర మా పల్లెలో బ్రాందీ షాపు పెట్టే విషయమై గ్రామసభ పెట్టారు. వానొచ్చేసరికి సభను చర్చి వరండాలోకి మార్చారు. ఆ చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. షాపు వద్దని ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను పోగుచేసిందీ నేనే. మా ఆయన తాగుతాడు మరి.

రేకుల మీద వాన మోతలో అధికారి మాటల్లో "చేతులెత్తండి" అన్నదొక్కటే నాకు వినబడింది. ఆదివారం ప్రార్థన అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని రెండు చేతులూ ఎత్తేశాను. నన్ను చూసి ఆడవాళ్లంతా ఎత్తారు.

"షాపు కావాలనే వాళ్లే ఎక్కువ" అని అధికారి రాసుకుంటున్నాడు.

"అయ్యా, మేం వద్దనడానికే వచ్చినాం" అన్నాను.

"మరి ఎందుకెత్తినారమ్మా?"

వాన మోతలో వినబడలేదని బతిమాలితే మళ్లీ అడిగి, వద్దని రాసుకున్నాడు.

మొదటిసారి చెయ్యెత్తనిది మా ఆయనొక్కడే. దారిలో ఎందుకని అడిగాను.

"షాపుకి చెయ్యెత్తొద్దని నెలనాళ్లుగా చెప్తా ఉంటివి గదా" అన్నాడు.

ఆ సాయంత్రమే పక్కూరికి పోయి తాగొచ్చినాడు. ఆయన్ను మెచ్చుకోవాలో తిట్టాలో నాకిప్పటికీ తెలియడం లేదు.