తద్దినంనాటి అరటిపండు

చీపురుపల్లి బజార్లో బెల్లం కొట్టు జగన్నాధం అంటే తెలీనోళ్ళు లేరు. ఆయన నా మొగుడు. మనిషి బంగారమే గానీ, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సుగరుంది, ఇంజెక్షను ఏసుకుంటారు. ఏసుకున్నాక తినకపోతే సుగరు పడిపోయి ప్రాణం మీదకొస్తాదని డాట్రుగారు సెవినిల్లు కట్టుకుని సెప్పినారు. ఇంటేనా? వాళ్ళమ్మ తద్దినం నాడు బోక్తలు తిని లేసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. "పెద్దోళ్ళకి పెట్టకుండా మనం తింటే ఎంగిలి పెట్టినట్టు కాదేటే?" అంటారు. కిందటేడు ఆ పట్టుదలతోనే వంటింటి గుమ్మంలో కూలబడిపోయినారు. అప్పట్నుంచి నాకు తద్దినం అంటేనే దడ.

మా అన్న కూతురు రేఖ ఈ ఏడు మమ్మల్ని వియత్నాం టూరుకి తీసుకెళ్ళింది. హనోయ్ దాటాక ఓ పల్లెలో, ఓ ఇంట్లో భోజనం అన్నారు. దిగగానే తినడమే కదా అని మా ఆయన బస్సులోనే ఇంజెక్షను ఏసీసుకున్నారు. నేను బెల్లం ముక్కలు పెట్టుకున్న సంచి సీట్లో మర్సిపోనాను. బస్సు మమ్మల్ని దింపేసి ఎటో ఎలిపోనాది.

లోపల సాప పరిసి, మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టి, దాన్నిండా గిన్నెలు సర్దినారు. మేం నీసు ముట్టమని ముందే సెప్పేం కాబట్టి అన్నం, ఆకుకూర, పులుసు. అందరూ సుట్టూ కూకున్నారు గానీ ఒక్కరూ సెయ్యి సాపరు. గోడవార బల్లమీద ఓ గిన్నెడన్నం, అరటిపళ్ళు, ధూపం కడ్డీలు ఎలుగుతున్నాయి. ఆ ఇంటి ముసలమ్మగారి తల్లి పోయిన రోజట అది. కడ్డీలు ఆరేదాకా ఎవరూ తినకూడదని గైడు సెప్పినాడు.

"సూసేవా, అచ్చం మన తద్దినమే" అని మా ఆయన మురిసిపోయి మఠం ఏసుకు కూకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోనాయి.

కాసేపటికి నుదురు తుడుసుకున్నారు. ఏటండీ అంటే ఉక్క అన్నారు. సలికి నేను సాలువా కప్పుకుని ఉంటే ఈయనకి ఉక్కేటి! నోరు తెరవబోతే కళ్ళెర్రజేసినారు. "పరాయింటికొచ్చి పెద్దావిడ తద్దినం పాడు సేస్తావేటే? ఊరుకో." నేను కడ్డీలకేసి సూస్తన్నాను, ఆయనకేసి సూస్తన్నాను. ఆ కడ్డీలు తరగవు. ఆయన ఏళ్ళు ఒణుకుతున్నాయి. ఇంతలో నాకేసి తిరిగి, "అమ్మా" అన్నారు.

నన్ను అమ్మా అన్నారు.

"మర్యాద మంట్లో కలవ! రేఖా, ఓ పండైనా పెట్టమని అడగవే" అని అరిసీసినాను.

రేఖ గైడుకి సెప్పింది, గైడు ముసలమ్మగారికి సెప్పినాడు. ఆవిడ లేసి తిన్నగా ఆ బల్ల దగ్గరికెళ్ళి, కడ్డీలు ఎలుగుతుండగానే ఓ అరటిపండు తీసి, ఒలిసి, మా ఆయన నోటికందించింది. ఈయన తల అడ్డంగా ఊపినారు. ఆవిడ సంటిపిల్లాడికి పట్టినట్టు గెడ్డం పట్టుకుని తినిపించింది. రెండోది కూడా తిన్నాక కళ్ళు తేటపడి నన్ను గుర్తుపట్టినారు.

అప్పుడు ముసలమ్మగారు ఏదో సెప్పింది. రేఖ తెలుగులో సెప్పింది. "జపానోళ్ళు ఈ దేశాన్ని ఏలిన కాలంలో ఇక్కడ పెద్ద కరువొచ్చిందట మావా. ఈవిడ సిన్నపిల్ల. వాళ్ళమ్మ ఉన్న పిడికెడూ ఈవిడికే పెట్టి, తను ఆకలికి పోయిందట. తన ముందు ఇంకొకరు ఆకలితో పడిపోతా ఉంటే మా అమ్మ ముద్ద ముడతాదా అంటన్నాది."

మా ఆయన రెండు సేతులూ ఎత్తి ఆ బల్లకేసి దండం పెట్టినారు.

మొన్న మా అత్తగారి తద్దినం. రైలు ఆలీసమై బోక్తలు ఇంకా రాలేదు. పొద్దున్నే ఇంజెక్షను ఏసీసుకున్నారేమో, ఈయన నుదుటి మీద సెమట. నేను అరటిపండు పైట సాటున పెట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ఇస్తే ఇసిరికొడతారేమోనని భయం, ఇవ్వకపోతే ఏటవుతాదోనని భయం. ఈయనే గుమ్మం దగ్గరికొచ్చి, నా మొకం సూడకుండా సెయ్యి సాపినారు.

"ఉందేటే?"

ఇచ్చినాను. పట్టుకెళ్ళి వాళ్ళమ్మ ఫొటో ముందర నిలబడి ఒలుసుకున్నారు.

"నీకన్నా ముందు తింటన్నానమ్మా" అన్నారు. "నువ్వే పెట్టినావనుకుంటాను."

పండు పూర్తిగా తినేదాకా నేను అక్కడ్నుంచి కదల్లేదు.