మిట్ట మీది ట్రాక్టర్

తాత కొన్న ట్రాక్టర్‌ను మా పెద్దబాపు ఎప్పుడూ పొలం పక్కనున్న మిట్ట మీదే నిలిపేవాడు. సెల్ఫ్ ఎన్నడో పాడైంది. బ్రేకు వదిలితే పల్లంలోకి దొర్లుతూ స్టార్టయ్యేది. "దీనికి ఒకరి సాయం అక్కర్లే" అని మురిసిపోయేవాడు.

ఉప్పల్ చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఆయన వద్దంటున్నా, తమ వాటాకొచ్చిన మిట్టను నాన్న, చిన్నాన్న అమ్మేశారు. వరికోతల నాటికి అది చదునైపోయింది. కల్లంలో ట్రాక్టర్‌తో తొక్కించాల్సిన వరి పరిచి ఉంది, పైన మబ్బు పట్టింది, ట్రాక్టర్ కదలదు.

పెద్దబాపు సీటెక్కి, మా వైపు చూడకుండానే అన్నాడు: "మిట్ట అమ్మినోళ్లే నూకుండ్రి."

ఇంటిల్లిపాదీ నూకితే ఇంజన్ అందుకుంది. మధ్యాహ్నం అన్నానికి దిగినా ఆయన దాన్ని ఆపలేదు.

"డీజిల్ కాలుతున్నది, జర ఆపరాదే అన్నా" అన్నాడు నాన్న.

"ఆపితే మల్ల మిమ్ముల్నే పిలువాలె గదరా."