ఇన్‌లైన్ అని రాసినంత మాత్రాన

పొద్దుటి నుంచి ముసురు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీలో, మాత్రలు ప్యాక్ చేసే మిషన్ వెనక కూర్చుని తడిసిన వైర్లు మారుస్తున్నాను. పటాన్‌చెరు నుంచి పాత తోటి ఉద్యోగి ఫోన్ చేశాడు. "సార్ పోయిండట. గుండె ఆగిందంట. పొద్దుగాల్నే," అన్నాడు. పని మధ్యలో వదలడానికి లేదు. మిషన్ నడిపించి ఇచ్చాకే బయలుదేరాను. నేను చేరేసరికి దహనం అయిపోయింది.

ఆయన నాకు పని నేర్పిన మనిషి. ఇలాంటి మిషన్లను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు తయారు చేసే చిన్న కంపెనీ ఒకటి పటాన్‌చెరులో ఉండేది. అందులో ప్రోగ్రాములు ఆయనే రాసేవారు. వాళ్ల నాన్న సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సార్ తినేటప్పుడు మాట్లాడేవారు కాదు. కోపం వస్తే గొంతు తగ్గించేవారు.

మా బోర్డులోని చిప్ చిన్నది. మోటారు కాస్త తిరిగినప్పుడల్లా ఒక సంకేతం వస్తుంది. తర్వాతిది వచ్చేలోగా దాన్ని లెక్కలో వేసుకోవాలి. ఆలస్యమైతే జారిపోతుంది. ఆ లెక్క వేసేది ప్రోగ్రాములో విడిగా రాసిన ఒక చిన్న ముక్క, ఫంక్షన్ అంటారు. దాన్ని ప్రతిసారీ పిలిచి, అక్కడికి వెళ్లి తిరిగి రావడానికి కూడా సమయం పడుతుంది. అందుకని, మేం రాసినదాన్ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్, పిలిచే చోటే దాని కోడ్‌ను పరిచేయాలి. ఫంక్షన్ పైన ఇన్‌లైన్ అని రాయడం అందుకే.

"రాసినం గద సార్, ఇంకేంది?" అన్నాను కొత్తలో.

"అది మన మనవి మాత్రమేనయ్యా. ఫంక్షన్ పెద్దదనిపిస్తే కంపైలర్ పక్కన పడేస్తుంది. నీకు చెప్పదు కూడా. దిగి చూడాలి."

దిగి చూడటమంటే, కంపైలర్ చివరికి తయారు చేసిన చిప్ భాషను తెర మీద తెరిచి, వేలు పెట్టుకుని వరసగా చదవడం. ఏ మార్పు చేసినా చదివేవారు.

"మిషన్ నడుస్తుంది గద సార్, ఇగ జాతకం సూస్తున్రా?" అని కంపెనీ యజమాని సేటు ఎగతాళి చేసేవాడు.

"పెళ్లికి ముందే చూడాలి సేటూ," అనేవారు సార్.

ఒకసారి, బోర్డు పంపే ముందు, ఆ ఫంక్షన్‌లోనే ఇంకో లెక్క కలపమని కొనేవాళ్లు అడిగారు. తొందరపెట్టారు. సార్ కలిపారు. ఇన్‌లైన్ అన్న మాట పైన ఉండనే ఉంది. ఆ ఒక్కసారి దిగి చూడలేదు. మా షెడ్డులో నెమ్మదిగా నడిపితే అంతా బాగుంది. కొన్నవాళ్ల ఫ్యాక్టరీలో పూర్తి వేగంతో నడిపితే సంకేతాలు జారిపోయాయి. మాత్రల మీద రేకును నొక్కే పలక పైన ఆగిందనుకుని, చెయ్యి పెట్టొచ్చని బోర్డు పచ్చలైటు వేసింది. పలక ఇంకా దిగుతోంది. ఇరుక్కున్న రేకు తీయబోయిన ఆపరేటర్‌కు, పక్క ఊరి ఆవిడకు, రెండు వేళ్లు తెగిపోయాయి.

పచ్చలైటు రాకముందే చెయ్యి పెట్టిందని ఫ్యాక్టరీ వాళ్లు అన్నారు. తప్పు ఆమెదని తేలితే పరిహారం లేదు, నౌకరీ లేదు. సంగారెడ్డి నుంచి తనిఖీ అధికారి మా షెడ్డుకు వచ్చే రోజు పొద్దున సార్ దిగి చూశారు. ఫంక్షన్ కోడ్ పరిచి ఉండాల్సిన చోట దాన్ని పిలిచే పిలుపే ఉంది. నాకు చూపించి, సేటుకు చెప్పారు.

"మీరు చెప్పకుంటే ఎవనికి ఎరుకైతది సార్? బోర్డు మంచిగనే ఉందనుండ్రి. కంపెనీ మునుగుతది," అన్నాడు సేటు.

"ఆవిడ పచ్చలైటు చూసే చెయ్యి పెట్టింది," అన్నారు సార్. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

అధికారి ముందు ఆయన తప్పును కంపైలర్ మీదికి నెట్టలేదు. "నేను చూడాల్సింది. చూడలేదు," అన్నారు, అంతే. ఆమెకు పరిహారం దక్కింది. ఆ చేత్తో మళ్లీ మిషన్ పని మాత్రం చేయలేదు. సార్‌ను ఈ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. నేను ఇవాళ్టికీ ఏ మార్పు చేసినా దిగి చూస్తాను. నా అన్నం ఆ అలవాటు మీదే నడుస్తోంది.

ఆ రోజు అధికారి మధ్యాహ్నం రెండింటికి వెళ్లిపోయాడు. సేటు అతని వెనకే కారులో వెళ్లాడు. సార్ నాలుగింటికి ఉద్యోగం వదిలి ఒక్కరే గేటు దాటారు. మేం మాత్రం షిఫ్టు అయ్యాకే, ఆరింటికి వెళ్లాం.