చేతులెత్తని సభ

తెలుగు నేలకి దూరంగా ఉన్న ఈ ఉక్కు కర్మాగారం ఊళ్లో, కద్మా పేటలో మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. సంఘం హాలు తాళాలు ఆయన దగ్గరే. ఎవరింట్లో శుభకార్యమైనా ఆయన గుమ్మంలో నిలబడి అడగాలి. మనసైతే ఇస్తారు, లేదంటే లేదు. బారిడీహ్ పేట నుంచి మాంగో పేట దాకా మా వాళ్లందరూ చాయ్ దుకాణాల దగ్గర ఆయన్ని రోజూ మాటల్లోనే కుర్చీ దించేస్తారు. సభలో మాత్రం ఎక్కడి దొంగలు అక్కడే గప్‌చుప్.

తప్పు మా నిబంధనలోనే ఉంది. అధ్యక్షుణ్ణి గడువు మధ్యలో దించాలంటే, ఆయన ఎదుటే సగానికి పైగా సభ్యులు చేతులెత్తాలట. మాలో ఒకరికి ఆయన మావయ్య, ఇంకొకరికి బావ, మరొకరికి పెదనాన్న. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఆ నిబంధన రాసిన మహానుభావులు మా చుట్టరికాలు మరిచిపోయి రాశారు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది.

బడిలో పాఠాలు చెప్పేదాన్నని నిబంధనలు సవరించే కమిటీలో నన్నూ వేశారు. దించాలా వద్దా అన్నది ఇకపై చీటీ మీద రాసి, మడిచి, పెట్టెలో వేయాలని రాశాను. మా ఆయన చదివి తల పట్టుకున్నాడు.

"అన్నియ్య ఇంక మనింటి గడప తొక్కడు."

ఆ మాటకి భయం వేసింది. ఈ ఊళ్లో మా కాపురం నిలబెట్టింది బావగారే. అయినా రాసింది కొట్టేయలేదు.

ఆ సవరణ నెగ్గాలన్నా చేతులే ఎత్తాలి. బావగారు కుర్చీలోంచి గట్టిగా చదివి వినిపించారు.

"మంచిదే కదేటి? నామీద ఎవులికేటుంది?" అని నవ్వి, తన చెయ్యే ముందెత్తారు. ఇంకేముంది, హాలంతా చేతులే.

కొన్నాళ్లకు ఆయన్ని దించాలా వద్దా అని చీటీలు పడ్డాయి. ఆయన దిగిపోయారు.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చారు. మా ఆయన అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. టీ ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇంతమందికి కోపముంటే ఒక్కడూ సెప్పనేదేటమ్మా?"

"మీ మొకం చూసి ఎలాగ చెప్తారు బావగారూ?"

టీ ఒక గుక్క తాగారు. "నువ్వేటి రాసేవు?"

చీటీలో ఏముందో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదని రాసింది నేనే. కానీ ఆ మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"దిగమనే రాశాను."

టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి లేచారు.

"ఈ ముక్క ముందే, ఇలాగే నా ఎదురుగా సెప్పుంటే, నానే దిగిపోదును కదమ్మా!"